నా ఆట మిషన్‌కు ఆయుధ పూజ

కొత్తగా నౌకరీలో చేరిన రోజుల్లో నాకు ఎంత కోపముండేదో తలుచుకుంటే ఇప్పుడు నాకే జడుపొస్తుంది. చెల్పూర్‌లో ఓ కాంట్రాక్టరు ఆఫీసులో పని, భూపాలపల్లిలో అద్దె గది, వారానికోసారి జనగామలో మా ఇంటికి బస్సు. ఆ బస్సులో పొద్దుపోవడానికి చేతిలో పట్టేంత గేమింగ్ కంప్యూటర్ కొనాలనుకున్నాను. నడుమ తెర, రెండు పక్కలా బొటనవేళ్లతో తిప్పే గుండీలు. చూడ్డానికి ఆటబొమ్మే, లోపల మాత్రం అసలు కంప్యూటర్. నా జీతం, నా చేతులు, నా బస్సు! కానీ మా ఇంట్లో చీపురు కొనాలన్నా నలుగురూ కూర్చోవాలి.

"గంత పెట్టి గా మిషన్ కొనుడేంది? ల్యాప్‌టాప్ తీస్కో, నౌకరికన్న పనికొస్తది" అన్నాడు బావ. (అక్క మొగుడు. అడగకముందే సలహా ఇవ్వడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.) ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవాలంటే ముందు ఒళ్లు ఖాళీగా ఉండాలి కదా! మా బస్సులో నా ఒళ్లో ఎప్పుడూ ఎవరి సంచో, ఎవరి పిల్లో ఉండేది. "ఫోన్ల ఆడుకోరాదు?" అంది అమ్మ. ఫోన్‌లో ఆడితే నా వేలి కిందే శత్రువు దాక్కుంటాడు, ఛార్జింగూ అయిపోతుంది. టీవీకి తగిలించే ఆట పెట్టె చవకే, కానీ మా టీవీ అమ్మ సీరియళ్లది, మిగిలితే బాపు వార్తలది. నేను కోరుకున్నదానికీ లోపాలున్నాయి. తొందరగా వేడెక్కుతుంది, అక్షరాలు చీమల్లా ఉంటాయి, బస్సు పరకాల దాటేలోపే బ్యాటరీ అయిపోతుంది. ఇవన్నీ నేను తూచి చూసుకున్నానని ఒక్కరికీ పట్టలేదు. బాపు పేపర్లోంచి తలెత్తకుండా "తమ్మునికా?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆడపిల్ల తనకోసం ఆట మిషన్ కొనుక్కోకూడదా? (తమ్ముడికి కోళ్ల మీద తప్ప దేనిమీదా ధ్యాస లేదు.) ఎవరి మాటా వినక కొనబోతే హన్మకొండ దుకాణంలోనూ అదే ప్రశ్న. "నాకే!" అని నేను అరిచిన అరుపుకు ఫ్యాన్లు బేరం చేస్తున్నవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు.

దసరా పొద్దున అమ్మ కుట్టుమిషన్, కత్తిపీట, బావ ల్యాప్‌టాప్ వరసగా పూజకు పెట్టింది. (బావ అందులో సినిమాలు తప్ప ఏమీ చూడడు.) నాది తెచ్చి పక్కన పెడితే తీసి నా చేతికే ఇచ్చింది.

"ఆడుకునే బొమ్మకు పూజేందే? పనిచేసేటియే పెట్టాలె."

నాకు పూనకం వచ్చినంత పనైంది. "గిది బొమ్మ గాదు, కంప్యూటర్! బావదానికంటె గట్టిది! నాది పెట్టకుంటె నాకు పండుగే లేదు, ఇప్పుడే భూపాలపల్లి పోత!" అని బ్యాగు భుజానికేసుకుని గడప దాకా వెళ్లాను. (లోపల మటన్ ఉడుకుతోంది, అందుకని దాటలేదు.)

చివరికి బాపే "పెట్టరాదే, దానిది గూడ యంత్రమే గద" అన్నాడు. ఆ ఇంట్లో నా మాట నెగ్గడం అదే మొదటిసారి. గర్వంగా స్నానానికి పోయాను.

తిరిగొచ్చి చూస్తే తెరంతా తడి పసుపు, రెండు గుండీల మీదా కుంకుమ కుప్పలు. వేడిగాలి పోయే సందుల్లో ఊదుబత్తులు గుచ్చి ఉన్నాయి, వెలుగుతున్నాయి కూడా! బావ ల్యాప్‌టాప్‌కు మాత్రం చిన్న బొట్టు.

"అమ్మా! ఏం చేసినవే!"

"నువ్వే గద గట్టి యంత్రమంటివి, గట్టిగనే చేసిన. ఊదుబత్తులకు పొక్కలు గూడ ఉండె."

కొట్లాడి సాధించుకున్న మర్యాదను ఏమని తిట్టను? బావ నవ్వు ఆపుకోలేక దగ్గుతూ వాకిట్లోకి పరుగెత్తాడు.

ఎంత తుడిపించినా ఎడమ గుండీలో కుంకుమ పోలేదు. ఆటలో నా వీరుడు ఎవరూ ముట్టకపోయినా ఎడమకే నడిచి గోడకు గుద్దుకునేవాడు. అది పాడై మూలపడింది, తర్వాత ఇంకోటి కొన్నాను, ఈసారి ఎవరినీ అడగలేదు. ఇప్పుడు దసరా దగ్గరపడితే అమ్మే ఫోన్ చేస్తుంది: "బిడ్డా, నీ మిషన్ తెస్తున్నవా? బావదాని ముందల జాగ పెట్టిన." గడపలో బ్యాగు తగిలించుకుని బుసలు కొట్టిన ఆ పిల్ల ఈ మాట వింటే ఎంత మురిసిపోయేదో! తెస్తానంటాను, ఆ పిల్ల కోసమే.