డ్రమ్మర్ కావలెను

మూడు పాటలు రాసి, ట్యూన్ కట్టి పెట్టుకొని రెండేండ్లాయె. నాతోని వాయించేటోళ్లు దొరుకుతలేరు. పటేల్‌గూడ చర్చిల డ్రమ్స్ వాయించే అన్నను బతిమిలాడితే, సినిమా పాటలైతే వస్త గని నీ పాటలు ఎవరింటరు అన్నడు. కీబోర్డు వాయించే దోస్తును ఎప్పుడు అడిగినా డ్యూటీ ఉందంటడు.

ఆగలేక నిన్న పటాన్‌చెరు బస్టాండ్ దగ్గర కరెంటు స్తంభాలకు పోస్టర్లు అంటించిన. "కావలెను" అని పెద్దగ, నా ఫోన్ నంబర్ ఇంకా పెద్దగ. నడుమ చిన్నగ "సొంత పాటల రికార్డింగుకు డ్రమ్మర్, గిటారిస్ట్" అని.

గా స్తంభాలకు కంపెనీ ఉద్యోగాల పోస్టర్లే ఉంటయన్న సంగతి నాకు యాదికి రాలే. ఇయ్యాల పొద్దుగాల సంది ఒకటే ఫోన్లు. రూమ్ ఇస్తరా, పీఎఫ్ ఉందా, షిఫ్టు ఎన్ని గంటలు అని. వాయించేటోడు ఒక్కడు చేయలే.

సాయంత్రం ఇంకో పిలగాడు చేసిండు. "అన్నా, ఐటీఐ ఫిట్టర్‌ను. పని పోయి నాలుగు నెలలాయె."

చిరాకుల అరిచిన. "ఇది కంపెనీ కాదు తమ్మీ! పాట రికార్డు చేయాలె. డ్రమ్స్ వాయించేటోళ్లు కావాలె!"

ఇగ ఫోన్ పెట్టేస్తడనుకున్న.

"నాకు వాయించరాదన్నా," అన్నడు. "నేర్పిస్తె నేర్చుకుంట."

నంబర్ సేవ్ చేసుకున్న. లోకంల నాదే పెద్ద పరేషాన్ అనుకున్న ఇన్నొద్దులు.

మీకు ఎరుకైన డ్రమ్మర్ ఉంటె చెప్పుండ్రి. ఫిట్టర్ పని ఉంటె, అది ముందు చెప్పుండ్రి.