నాలుకతో చేసిన సాల్ట్ ఎనాలిసిస్

చిటికెడు తెల్లపొడితో ఒక కాలేజీ ప్రాక్టికల్ పరీక్షను అరగంట ఆపేసి, ప్రిన్సిపాల్ చేత అంబులెన్సుకు ఫోన్ పట్టించి, పరీక్ష పెట్టడానికొచ్చిన మేడమ్ చేతే పరీక్ష రాయించినంత పని చేసిన ఘనురాలిని నేను. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఇప్పుడైతే నేనూ నవ్వుతాను.

మాది నౌపడ. మా నాన్న ఉప్పు మళ్ళలో పని చేసేవాడు. అందుకని ఇంటర్ రెండో ఏడు కెమిస్ట్రీలో సాల్ట్ ఎనాలిసిస్ ఉందని తెలియగానే, ఇక అది నా పుట్టింటి ఆస్తి అన్నట్టు తిరిగాను. ల్యాబ్‌కు ఎగనామం పెట్టి, నా స్నేహితురాలు పార్వతి రికార్డు చూసి నా రికార్డు నింపుకున్నాను. కెమిస్ట్రీ వాళ్ళ లెక్కలో సాల్ట్ అంటే కూరలో వేసుకునేదే కాదని, విషమైనా సరే సాల్టేనని పార్వతి చెప్తూనే ఉంది. వింటేగా.

పరీక్ష రోజు మా బల్లల మీద వాచ్ గ్లాసుల్లో తలో చెంచాడు పొడి పెట్టారు. ఒక్కోదాని కింద నంబరు వేసిన చీటీ. ఆ పొడి ఏమిటో మేము కనిపెట్టాలి. నేను ధీమాగా టెస్ట్ ట్యూబు కడిగి, తడి తుడవకుండానే సగం పొడి అందులో వేసి స్పిరిట్ దీపం మీద పెట్టాను. టప్‌మని అడుగు ఊడింది. హోల్డరు చివర గాజు గొట్టం మిగిలింది, లోపల ఏమీ మిగల్లేదు. పక్కన పార్వతి తల వంచుకుని చకచకా రాసేస్తోంది. నా కాగితం మీద హాల్ టికెట్ నంబరు తప్ప ఏమీ లేదు.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. ఆయన ఉప్పుగల్లు నాలుక మీద వేసుకుని అది ఏ మడి ఉప్పో చెప్పేసేవాడు. ఆయన కూతుర్ని, నాకేం తక్కువ? అటూ ఇటూ చూసి వేలికి అద్దుకుని నాకాను. పైగా దాచుకోకుండా పట్టికలో ఎక్కించాను కూడా. ప్రయోగం: రుచి. పరిశీలన: ఉప్పగా, చల్లగా, చివర్లో చేదు. నిర్ధారణ: ఉప్పే గానీ కల్తీ జరిగింది.

పరీక్షకురాలు విజయనగరం నుంచి వచ్చిన పెద్దావిడ. అంతవరకూ పాఠ్యపుస్తకంలా మాట్లాడిన మేడమ్ నా కాగితం చదవగానే ఒక్కసారిగా మా వీధి మనిషైపోయారు.

"నాకీసేవేటే?"

తలూపాను. ఆవిడ చీటీ తీసి చూశారు. ఆరు. అటు తిప్పితే తొమ్మిది. తన దగ్గరున్న జాబితా ప్రకారం ఆరు అమ్మోనియం క్లోరైడు, తొమ్మిది లెడ్ నైట్రేటు. లెడ్ అంటే సీసం, విషం. పొద్దున పొడులు సర్దిన ల్యాబ్ అటెండరు అప్పన్నను పిలిచి ఇది ఏ సీసాలోదని అడిగారు.

"ఆరో తొమ్మిదో నాకేటి తెలుస్తాది మేడమ్. ఎటు తిప్పితే అటే ఔతాది," అన్నాడు అప్పన్న చాలా నిజాయితీగా.

నోరు పుక్కిలించమని నన్ను పంపు దగ్గరికి తోశారు. ప్రిన్సిపాల్ గారు వచ్చి ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డారు. నేను తిన్నదేమిటో తేలాలంటే ఇక దారి ఒకటే. మేడమ్ కొంగు బిగించి, మిగిలిన పొడి నీళ్ళలో కరిగించి, రెండు చుక్కలు పొటాషియం అయొడైడు వేశారు. పసుపుపచ్చ వస్తే సీసం. నాకు ఏడుపు తన్నుకొస్తోంది. నాన్నకు ఈ కబురు ఎవరు చెప్తారా అనుకుంటూ టెస్ట్ ట్యూబును దేవుడి పటంలా చూస్తున్నాను. అందరూ రాయడం ఆపి అటే చూస్తున్నారు. ఒక్క కలం మాత్రం ఆగలేదు. అది పార్వతిది. దానికీ నా నంబరే వచ్చింది మరి, మేడమ్ చేసేదల్లా చూసి ఎక్కించేసుకుంటోంది.

పసుపు రాలేదు. మేడమ్ ఇంకో ట్యూబులో సోడియం హైడ్రాక్సైడు పోసి వెచ్చబెట్టి, చేత్తో ఆవిరిని ముక్కు వైపు విసురుకున్నారు. ఘాటుకు కళ్ళు చెమర్చాయి. "అమ్మోనియా," అని స్టూలు మీద కూలబడ్డారు. అంత కంపును అంత ప్రేమగా పీల్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ప్రిన్సిపాల్ గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఎనాలిసిస్ చేసింది తను గనక ఆ మార్కులు తనవేనని మేడమ్ తేల్చేశారు. పాస్ చెయ్యడానికి వైవాలో ఒక్క ప్రశ్న వేశారు.

"ల్యాబ్‌లో ఏ పొడినైనా ఏం చెయ్యకూడదు?"

"నాకకూడదు మేడమ్."

అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. పార్వతికి పూర్తి మార్కులు. బయటికొచ్చాక వేపచెట్టు కింద నన్ను కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, వీపు నిమిరి, చుట్టూ చూసి చెవిలో అడిగింది.

"ఇంతకీ రుసి ఎలగున్నాదే?"

ఆ క్షణాన్నే సకల టెస్ట్ ట్యూబుల సాక్షిగా ప్రమాణం చేశాను, పేరు తెలియని పొడిని ఈ జన్మలో నాలుకకు పరిచయం చెయ్యనని. పాటిస్తున్నాను కూడా. మా అత్తగారు గరిటెతో పులుసు తెచ్చి ఉప్పు చూడమంటే, ఏమేం వేశారో పూర్తిగా చెప్పేదాకా నోరు తెరవను. నాకు పొగరని ఆవిడ వీధంతా చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి.