దేవదారు కింద పొగగొట్టం

సరిహద్దు పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం రెండు. పదివేల అడుగుల ఎత్తు, మోకాలి లోతు మంచు. బంకరుకి కుడిపక్క దేవదారు, ఎడమపక్క బురాంశ్. బురాంశ్ అంటే ఆ కొండల్లో వసంతంలో పూసే చెట్టు.

కాపలాలో చెట్లు తప్ప చూడ్డానికేమీ లేదు. బురాంశ్ ఆకులు చలి ముదిరితే చుట్టల్లా చుట్టుకుని కిందికి వేలాడతాయి. మంచు ఎప్పటికప్పుడు జారిపోతుంది. దేవదారు అలా కాదు. అడ్డంగా చాచిన కొమ్మల మీద నాలుగు రోజుల మంచునైనా మోస్తుంది. ఎండ తగిలితే ఒక్కసారిగా దించేస్తుంది.

బంకరులో ఇనుప పొయ్యి. దాని పొగగొట్టం దేవదారు కిందే పెట్టారు.

"గొట్టం బురాంశ్ వైపు తిప్పుదాం సాబ్," అని మా హవల్దారుకి రెండుసార్లు చెప్పాను.

"పూల చెట్టు పొగని దాస్తుందా?" అన్నాడు హిందీలో.

అవతలివాళ్లకి పొగ కనబడకూడదు, నిజమే. నెత్తిన పడేదాని సంగతో? మూడోసారి చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆరో రోజు ఎండ కాసింది. నేను రెండు వందల మీటర్ల పైన, కాపలా గుంటలో ఉన్నాను. బంకరులో రేడియో ఆపరేటరు ఒక్కడే. శ్రీకాకుళం వాడు, నాకంటే రెండేళ్లు చిన్న. పదకొండు ఇరవైకి సెట్‌లో పిలిచాడు.

"అన్నా, తల పగిలిపోతంది. ఏటో కడుపులో తిప్పేత్తంది."

"ఎత్తు కదరా, కొత్తలో అలాగే ఉంటాది. నీళ్లు తాగి కూకో."

పదకొండు యాభైకి నేను పిలిస్తే పలకలేదు. కిందికి పరుగెత్తాను. దేవదారు కొమ్మ మంచు దులుపుకుని పైకి లేచి ఉంది. గొట్టం పూర్తిగా కూరుకుపోయింది. గస్తీ నుంచి అప్పుడే వచ్చిన హవల్దారూ నేనూ వాణ్ణి బయటికి లాగాం. ఊపిరి లేదు. ఎంతసేపు గుండె నొక్కినా రాలేదు.

అక్కడి డ్యూటీ గడువు ముగిసి భిలాయి వచ్చాను, ఖుర్సీపార్‌లో మా ఇంటికి. మా నాన్న ముప్పై ఏళ్లు అక్కడి ఉక్కు కర్మాగారంలో, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో చేశాడు. అక్కడ పుట్టేది కార్బన్ మోనాక్సైడ్, గొట్టం మూసుకుపోయిన పొయ్యిలో పుట్టేదీ అదే. ఆ గ్యాసుకి వాసన ఉండదని, ముందు తలనొప్పే వస్తుందని, తలనొప్పి అన్నవాణ్ణి వెంటనే బయటికి లాగాలని అన్నం తింటూ విని పెరిగినవాణ్ణి. మా వీధిలో చిన్నపిల్లలకీ తెలుసు. నాకు తెలియదా?

అంతా విని నాన్న ఒక్కటే అడిగాడు.

"తలనొప్పని ఆడే చెప్పినాడు గదరా. నీకు తట్టలేదేటి?"

నా మీద నాకే ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ.

ఎవరైనా అడిగితే కొండల గురించి, పూల గురించి చెబుతాను. కళ్ల ముందు మాత్రం వాడి మొహమే. అప్పుడే స్నానం చేయించిన చంటివాడిలా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "రంగు బాగుంది, బతికేస్తాడు," అంటున్నాడు హవల్దారు. ఆ గ్యాసుకి పోయినవాళ్లకి వచ్చే రంగే అదని కూడా నాన్న చిన్నప్పుడే చెప్పాడు. నేను వాడి ఛాతీ నొక్కుతూనే ఉన్నాను.