వాలు వీధిలో టపటపలు

“...పీకి పారెయ్యమంటే పరీక్షలెందుకురా?” అని ఇంటింటికీ పేపర్లు వేసే బావ విసుక్కున్నాడు.

“పీకడం ఎంతసేపు బావా? అదేం చేస్తోందో ముందు చూడొద్దా?” అన్నాడు మెకానిక్ బావమరిది.

బండి పాతది. వాలు వీధి దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్ టపటపా పేలుతుంది. పొద్దున్నే నిద్ర పాడవుతోందని, పేపరు మానేస్తామని ఆ వీధివాళ్లు గట్టిగా చెప్పేశారు. పొగలో విషం తగ్గడానికి సైలెన్సర్‌లోకి గాలి పంపే పైపు ఒకటుంది. ఆ చప్పుడు దానివల్లే; బావ పీకెయ్యమంటున్నది దాన్నే.

మెకానిక్ ఏ భాగాన్నీ వెంటనే విప్పడు. ముందు దాన్ని మూసి, బండి నడిపి చూస్తాడు. పైపులో గుడ్డ కుక్కి, బావ రోజూ బండి స్టార్ట్ చేసే వంటింటి కిటికీ కిందే ఇంజను ఆన్ చేశాడు. ఎన్నిసార్లు యాక్సిలరేటర్ వదిలినా ఒక్క పేలుడూ లేదు.

“చూశావా, పిల్లిలా ఎలా ఉందో!” అని బావ మురిసిపోయాడు.

లోపలినుంచి అక్క దగ్గు వినిపించింది. “ఏం పోశార్రా దాంట్లో? కళ్లు మండిపోతున్నాయి!”

మెకానిక్ గుడ్డ లాగేశాడు. టపటపలు మొదలయ్యాయి, కాసేపటికి ఘాటు తగ్గింది. అక్కకి చెప్పకుండా మళ్లీ గుడ్డ కుక్కాడు.

“అబ్బ, మళ్లీనా!” అంది అక్క.

“మా అక్క ముక్కు ముందు ఏ మిషనూ పనికిరాదు బావా.”

బావ వంగి సైలెన్సర్ దగ్గర గాలి పీల్చి, చటుక్కున మొహం తిప్పుకున్నాడు. కిటికీలో అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

“గుడ్డ తీసెయ్. పైపు ఉండనీ. రేపటినుంచి ఆ వీధిలో నడిచే పేపర్లు వేస్తా,” అన్నాడు బావ.