గంగమణి గుడ్ల కోసం వచ్చిన కోళ్లు

ఎల్లారెడ్డిలో మా పక్కింటి గంగమణి బట్టలు కుడుతుంది. ఆమెకు కోళ్లంటే ప్రాణం. 2012లో కొత్త ఫోను కొనుక్కుని ఫేస్‌బుక్‌లో 'నాటుకోళ్ల ముచ్చట' అని ఒక గ్రూపు పెట్టింది. కామారెడ్డి చుట్టుపక్కల వాళ్లు చేరారు. ఎవరూ ఎవరి ముఖమూ చూసింది లేదు. ఫొటోల్లో అన్నీ కోళ్లే. నేనూ చేరి, మా పెట్ట కాన్వెంటులో చదివిందనీ, ఆదివారం గుడ్డు పెట్టదనీ రాశాను. ఆ సాయంత్రమే నన్ను తీసేసింది.

"ప్రెసిడెంటు లేడు, చందా లేదు, ఇదేం క్లబ్బే?" అన్నాను గోడ మీది నుంచి.

"అబద్ధాలోళ్లు లేరు గదా తాతా, గది సాలు."

మరుసటి చలికాలం కొక్కెర రోగం వచ్చి ఆమె కోళ్లన్నీ చచ్చిపోయాయి. అత్త రామవ్వ నుంచి వచ్చిన, మెడ మీద ఈకలుండని బోసిమెడ కోళ్లవి. ఆ జాతి మా దిక్కున ఇంకెవరి దగ్గరా లేదు. రోగానికి ముందు పెట్టిన కొన్ని గుడ్లే మిగిలాయి. పొదగడానికి కోడి లేక, వాటిని థర్మాకోల్ పెట్టెలో బల్బు వెచ్చదనానికి ఉంచింది. రేపోమాపో పిల్లలవుతాయనగా ఒక పొద్దున మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

గంగమణి గుడ్లను శాలువాలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. "చల్లబడుతున్నయ్ తాతా," అంటూనే, పొదిగే కోడి ఎవరి దగ్గరన్నా ఉన్నదా అని ఫోనులో గ్రూపుకు రాసింది.

మధ్యాహ్నానికి తండా నుంచి ప్రేమ్‌సింగ్ షేర్ ఆటో దిగాడు, చంకలో గంప, గంపలో కోడి. వెనకాలే బీర్కూర్ నుంచి పల్లవి, ఆమెకూ ఒక గంప. చివరికి బస్సులో భిక్నూర్ మైసన్న, దాబాలో పని వదిలేసి.

"కండక్టర్ కోడికి గూడ టికెట్ కొట్టిండు," అన్నాడు మైసన్న. "సీటు మాత్రం ఇయ్యలె."

పల్లవి అతని పేరైనా అడగలేదు. గ్రూపు ఫొటోల్లో చూసిన కోడిని గుర్తుపట్టి, "దీని కాలు నయమైందా అన్నా?" అంది.

ప్రేమ్‌సింగ్ కోడి గుడ్లను పొడిచి లేచిపోయింది. పల్లవి కోడి బెదిరి మూలకు నక్కింది. మైసన్న కోడిని చీకటి గదిలో గుడ్ల దగ్గర వదిలారు. అది కాసేపు చుట్టూ చూసి, గుడ్లను ఒక్కొక్కటే కడుపు కిందికి లాక్కుని కూర్చుంది.

"ఇంక పానం ఉన్నదంటవా?" గంగమణి అడిగింది.

చాలాసేపటికి కోడి గొంతులోనే కుక్‌కుక్‌మంది. దాని కడుపు కింద, ఇంకా పగలని గుడ్డులోంచి, సన్నగా కీచుమని బదులు వచ్చింది. ఇన్నేళ్లలో నేను కల్పించిన ఏ కథలోనూ గుడ్డు మాట్లాడలేదు.

గంగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ కోడి మల్ల ఎప్పుడియ్యాల్నే అన్నా?"

"పిల్లలు పెద్దగయినంక సూద్దాం. గప్పటిదాంక గీడనే ఉండనీ," అన్నాడు మైసన్న.

"పెద్దగయినంక తలా ఒక జత తీస్కపోండ్రి. ఒక్క ఇంట్ల ఉంచితే ఏమయితదో సూసిన," అంది గంగమణి.

భిక్నూర్ వైపు బస్సుకు వేళయింది. మైసన్న లేవలేదు. రెండో గుడ్డు కూడా పలికింది.