పంటు మీద మా అతుకు

మా ఊరి చర్చివారు ఖాళీగా పడి ఉన్న ధాన్యం గోదాములో కుర్రాళ్ళకి ఇనప పని నేర్పించాలనుకున్నారు. వెల్డింగుకి నన్ను పిలిచారు, కొలిమికి మా వీధి చివర ఉండే పెద్దాయన్ని. తొంభైలు ముగుస్తున్న రోజులవి. నేను సామర్లకోటలో వెల్డరుగా కొన్నాళ్ళు చేసి అప్పుడే ఊరొచ్చాను. పది తప్పి ఏం చెయ్యాలో తోచక ఏటిగట్టు మీద కూర్చునే పిల్లలే మా దగ్గరికి వచ్చారు.

పొద్దున్న కొలిమి, మధ్యాహ్నం వెల్డింగు. నా పనంటే పెద్దాయనకి కాస్త చులకన. "నీది అంటించడమయ్యా, నాది అతకడం," అనేవారు. అంటూనే, నేను రాడ్ ముట్టించగానే కళ్ళకి నల్లద్దం అడ్డం పట్టుకుని పక్కకి వచ్చి నిలబడేవారు.

తమ్ముడికి క్యారేజీ తెచ్చే ఒక అమ్మాయి రోజూ గుమ్మంలో ఆగి చూసేది. ఒకనాడు అడిగేసింది.

"నేను కూడా నేర్చుకోవచ్చాండి?"

నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన "రేపు చెప్పులేసుకుని రా," అన్నారు.

మర్నాడు ఆ అమ్మాయి కంటే ముందు వాళ్ళమ్మ వచ్చింది. చేలో పనికి పోతూ కొడవలితోనే వచ్చింది. "ఆడపిల్లండి. మొహమ్మీద నిప్పు పడితే ఎవరండి దిక్కు?"

"మా ఇంట్లో సమ్మెట కొట్టిందెవరనుకున్నావమ్మా? మా ఆవిడే," అన్నారాయన. "నేను పటకారుతో పట్టుకుంటే తను కొట్టేది. నీ పిల్లకి ముసుగైనా ఉంటుంది. మా ఆవిడకి అదీ లేదు."

ఆవిడ కొడవలి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. అమ్మాయి లోపలికి వచ్చింది.

ఆ వానాకాలం, రేవులో జనాన్నీ బళ్ళనీ దాటించే పంటుకి, ఒడ్డుకి దించే ఇనప పలకని పట్టి ఉంచే బందు తెగిపోయింది. ముసలివాళ్ళు మోకాలి లోతు బురదలో దిగి ఎక్కుతున్నారు. పట్నం నుంచి మేస్త్రీ రావడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. పంటు నడిపేవాడు మా గోదాముకొచ్చి, "మీ పిల్లలు చేస్తారాండి?" అని అడిగాడు.

పెద్దాయన కొత్త బందు కాల్చి సాగదీశారు. కుర్రాళ్ళు వంతులవారీగా సమ్మెట కొట్టారు. పెళ్ళి పందిళ్ళవాళ్ళ జనరేటరు రేవులోకి మోయించాం. అతుకు ఎవరు పెట్టాలన్నప్పుడు నేను ముసుగు ఆ అమ్మాయికిచ్చాను. గోదారి గాలికి మంట చెదరకుండా పిల్లలు చుట్టూ గోనెసంచులు పట్టుకున్నారు. ఆమె ఆ చివర నుంచి ఈ చివరకి ఆగకుండా అతుకు పెట్టింది. 

సాయంత్రం పంటు అవతలి ఒడ్డునుంచి వచ్చి పలక దించింది. మొదట దిగింది ఆ అమ్మాయి వాళ్ళమ్మే, నెత్తిన గడ్డిమోపుతో. సగంలో ఆగి, కాలితో పలకని రెండుసార్లు గట్టిగా తన్ని చూసింది.

"బానే ఉందే," అంది కూతురితో. అని, నవ్వు దాచుకోవడానికి కాబోలు, గబగబా గట్టెక్కేసింది.

పెద్దాయన నా చెవిలో అన్నారు: "ఇది అంటించడం కాదులే."

తర్వాత రెండేళ్ళకి డబ్బిచ్చేవారు లేక ఆ శిక్షణ ఆగిపోయింది. పిల్లలు తలో దిక్కు వెళ్ళారు. ఆ అమ్మాయి కాకినాడలో పడవల ఇనప పని చేసే షెడ్డులో చేరింది. పెద్దాయన ఒక వేసవిలో పోయారు. నేను ఒక ప్రైవేటు ఐటీఐలో పాఠాలు చెప్పడానికి చేరాను. అక్కడ కొత్త మిషన్లున్నాయి, గోడల మీద పటాలున్నాయి. పాఠం మధ్యలో మాట ఆపి పక్కకి తిరిగేవాణ్ణి, నల్లద్దం పట్టుకుని ఎవరో నిలబడి ఉన్నట్టు.

ఒకరోజు ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మా షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి నన్నే నేర్పమన్నారండి. నాకేమో గట్టిగా కోప్పడటం రాదండి."

"రాకపోతే మంచిదేనమ్మా," అన్నాను.

ఫోన్ పెట్టేసి, పాత అలవాటున ఈ మాట పెద్దాయనకి చెబుదామని వీధి చివరివరకూ నడిచాను. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళుంటున్నారు. గుమ్మంలో ఉన్నావిడ "ఎవరు కావాలండి?" అని అడిగింది. "పెద్దాయన కోసమండి," అనేసి, వెనక్కి తిరిగాను.