టికియాపారా మందిరానికి దక్షిణపు గాలి

మా పాత మందిరం రేకుల షెడ్డు. టికియాపారా రైల్వే క్వార్టర్ల వెనక, ఒకప్పుడు సామాన్లు పడేసుకునే కొట్టుకు సున్నం కొట్టి, బల్లలు వేసి, మా తాతల కాలంవాళ్ళు దాన్ని మందిరం చేసుకున్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి హౌరాలో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఆదివారం సాయంత్రం అక్కడ చేరేవి. మగవాళ్ళు తూర్పు వైపు కూర్చునేవారు, ఆడవాళ్ళం పడమటి వైపు. మే నెలలో ఆ పడమటి రేకు గోడకు వీపు ఆనించలేకపోయేవాళ్ళం. ప్రార్థన మధ్యలో కరెంటు పోతే పాస్టరు అయ్యగారి ప్రసంగం కన్నా విసనకర్రల చప్పుడే ఎక్కువ వినిపించేది.

నేను ఆర్కిటెక్చర్ చదువు ముగించి ఒక ఆఫీసులో చేరిన ఏడాదే, షెడ్డు తీసేసి కొత్త మందిరం కట్టాలని సంఘం తీర్మానించింది. ప్లాను నన్ను గీయమన్నారు. మావాళ్ళలో ఆ చదువు చదివింది నేనొక్కదాన్నే, పైగా ఊరికే గీసిపెడతానని అందరికీ తెలుసు.

సంఘంలో చివరి మాట పెద్దయ్యది. ఆయన రిటైరైన రైలు డ్రైవరు. మనిషి మంచివాడే కానీ, ఒకసారి ఏదైనా అనుకుంటే పట్టాల మీద రైల్లాగే పక్కకు తిరిగేవాడు కాదు. నది అవతల కలకత్తాలో కొత్తగా లేచిన అద్దాల భవనం ఒకటి ఆయన కంట్లో పడింది.

“ముందరంతా అద్దాలుండాల. లోపల ఏసీ ఎట్టాల. రోడ్డు మీదెళ్ళినోడు ఆగి సూడాల,” అన్నాడు.

“కరెంటు పోతే ఏం చేస్తాం పెద్దయ్యా?”

“జనరేటరెడతాం.”

“మన రోడ్డు పడమట ఉంది. అద్దాలు పెడితే సాయంత్రం ఎండంతా లోపలికొస్తుంది. ఆ వేడి పోగొట్టడానికి ఏసీ, ఆ ఏసీ నడవడానికి జనరేటరు. ఎండే లోపలికి రాకపోతే ఈ రెండూ అక్కర్లేదు కదా.”

ఆయన నా వంక జాలిగా చూశాడు.

తరువాతి సమావేశానికి నేను గీసిన ప్లాను తీసుకెళ్ళాను. దక్షిణం వైపు పొడుగునా కిటికీలు. కప్పు మధ్య భాగం కాస్త ఎత్తు చేసి, వేడిగాలి బయటికి పోవడానికి అక్కడ సన్నటి సందులు. పడమట కిటికీ లేని గోడ, అదీ మధ్యలో ఖాళీ వదిలి కట్టే రెండు పొరల గోడ. కప్పు మీద ఎండను తిప్పికొట్టడానికి తెల్ల పింగాణీ ముక్కలు.

పెద్దయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది మందిరమా, గోడౌనా? రోడ్డేపు ఒక్క కిటికీ నేదేటి?”

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి మా అమ్మ లేచింది. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే మా అమ్మ సంఘ సమావేశంలో నోరు తెరవడం నేను అదే మొదటిసారి చూడటం.

“పెద్దయ్యగారూ, మీరు ఇన్నేళ్ళూ తూరుపేపే కూకున్నారు. వచ్చే ఆదివారం ఓపాలి మా పక్కకొచ్చి కూకోండి. తరవాత మీరు ఏటంతే అదే కడదాం,” అంది.

పెద్దయ్య సరేనన్నాడు. మాట తప్పే మనిషి కాదు. ఆదివారం వచ్చి ఆడవాళ్ళ బల్లల చివర, గోడ పక్కనే కూర్చున్నాడు. మొదటి పాట అయ్యేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రెండో పాటకు జేబురుమాలు తీశాడు. ప్రసంగం సగంలో ఉండగా మా అమ్మ తన విసనకర్ర ఆయన చేతికిచ్చింది. పక్క బల్లల మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకోవడం నాకు కనబడుతూనే ఉంది. ప్రార్థన అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి, “ఆ రోడ్డేపు కిటికీ ఒగ్గేయ్ అమ్మీ. నీ గోడే కట్టు,” అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి పెద్దయ్యకు నాకన్నా పట్టుదల ఎక్కువైంది. అప్పట్లో ఉత్తర కలకత్తాలో పాత జమీందారీ ఇళ్ళు కూలగొట్టి అపార్టుమెంట్లు కడుతుండేవారు. ఆ ఇళ్ళ కిటికీలకుండే చెక్క పలకల తలుపులు పాత సామాను దుకాణాల్లో దొరికేవి. పలకలు పైకి తిప్పితే గాలి వస్తుంది, దించితే ఎండా వానా ఆగుతాయి. బర్మా టేకు, వందేళ్ళయినా చెక్కు చెదరలేదు. పెద్దయ్యా నేనూ ఫెర్రీలో నది దాటి వెళ్ళి, దుకాణమంతా దుమ్ములో వెతికాం. ఆయన ఒక్కొక్క తలుపు పలకల్నీ స్వయంగా ఎత్తి దించి చూసి గానీ ఒప్పుకోలేదు. తిరుగు ప్రయాణంలో చిన్న లారీలో ముందు కూర్చోమంటే వినకుండా, వెనక తలుపుల మధ్య నిలబడి వాటిని పట్టుకుని హౌరా బ్రిడ్జి దాటాడు.

సోలార్ పలకల మాట ఎత్తినప్పుడు మాత్రం ఆయనకు తిక్క రేగింది.

“ఎండ రానివ్వొద్దంతావు. మళ్ళీ ఎండతోనే దీపాలెలిగిస్తానంతావు. నీ తీరేటమ్మీ?”

“గోడ మీద పడేది వద్దు పెద్దయ్యా. కప్పు మీద పడేది కావాలి.”

ఆయన నవ్వేశాడు. నిజానికి ఏసీ ఉన్న అద్దాల హాలుకు ఆ కాసిని పలకలు ఏ మూలకూ చాలవు. మా మందిరానికి పగలు దీపమే అక్కర్లేదు. సాయంత్రం కొన్ని దీపాలు, నాలుగు పంకాలు తిరిగితే చాలు. అంత మాత్రానికి పలకలూ బ్యాటరీలూ సరిపోయాయి. చుట్టుపక్కల ఇనుప కార్ఖానాల మసి వాటి మీద పడుతుంటే, శనివారం ఆడవాళ్ళు వంతులు వేసుకుని మేడెక్కి కడిగేవాళ్ళు.

మందిరం తెరిచిన తరువాతి వేసవిలో దాని పక్కింట్లో పెళ్ళి. ఆ ఇంటాయన బెంగాలీ, బడిపంతులు. కూతురి పెళ్ళి సాయంత్రం వీధంతా కరెంటు పోయింది, అద్దెకు తెచ్చిన జనరేటరు దగ్గి దగ్గి ఆగిపోయింది. మా ప్రార్థన నడుస్తుండగా ఆయన గుమ్మం దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

“దాదా, పెళ్ళికూతురు ఉక్కకు తట్టుకోలేకపోతోంది. మొహం మీద గంధపు చుక్కలన్నీ కరిగిపోతున్నాయి. కాసేపు ఇక్కడ కూర్చోబెట్టొచ్చా?” అని బెంగాలీలో అడిగాడు.

పాట ఆగిపోయింది. అందరూ పెద్దయ్య వైపు చూశారు.

“అడగాలేటి? తీసుకురండి,” అన్నాడు ఆయన లేచి నిలబడి. ఆ మాట తెలుగులో అన్నాననే ధ్యాస కూడా ఆయనకు లేదు. పంతులుగారికి మాత్రం అర్థమైంది.

ఎర్ర బనారసు చీర, తల మీద తెల్లటి బెండు కిరీటంతో ఆ పిల్ల వచ్చి మా అమ్మ పక్కన, పంకా కింద కూర్చుంది. వెనకాలే స్నేహితురాళ్ళూ, పిన్నులూ, ఒక ముసలి అమ్మమ్మా వచ్చారు. దక్షిణపు కిటికీల పలకలన్నీ తెరిచాం. గాలి ఇటు వచ్చి అటు పైనుంచి పోతుంటే, పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి తీసుకుంది. స్నేహితురాలు గంధం తెచ్చి చెదిరిన చుక్కలు మళ్ళీ పెట్టింది. మేము ఆగిన చోటి నుంచి పాట అందుకున్నాం. భాష తెలియకపోయినా అమ్మమ్మ చప్పట్లు వేసింది. కాసేపటికి మగపెళ్ళివారు వచ్చారని శంఖం మోగింది, అందరూ పరుగెత్తారు. ఆ తరువాత మాకు పంతులుగారింటి నుంచి చేప వేపుళ్ళూ సందేశ్ మిఠాయిలూ వచ్చాయి. పెద్దయ్య రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

పెళ్ళి సందడి సద్దుమణిగాక పంతులుగారు మా ఇంటికొచ్చారు. “మా ఇంట్లోకీ ఆ గాలి తెప్పించగలవా దిదీ?” అన్నారు. అది నాకు సొంతంగా వచ్చిన మొదటి పని. టేపు, కాగితాలు, పెన్సిళ్ళు సంచిలో వేసుకుని ఎంతో గంభీరంగా వెళ్ళాను. పడకగది దక్షిణపు గోడకు పెద్ద ఇనుప బీరువా నిలబెట్టి ఉంది. దాని వెనక ఏముందని అడిగితే, ఆయన కాసేపు గుర్తు తెచ్చుకుని, కిటికీ అన్నారు. ఇద్దరం కలిసి బీరువాను పక్కకు జరిపి కిటికీ తెరిచాం. సంచిలోంచి టేపు తీసే పని పడలేదు.